మూడు ఫేజుల డ్రైవ్‌లున్న ప్లాంట్‌లో హార్మోనిక్స్ తగ్గించే పద్ధతి

415 వోల్టుల బస్‌బార్ మీద నాలుగైదు పెద్ద డ్రైవ్‌లు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలు) నడిచే ప్లాంట్‌లో కొన్ని ఇబ్బందులు తరచూ కలిసే వస్తాయి. కెపాసిటర్లు ఉబ్బి పగులుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీటరు చూపే లోడుకు మించి వేడెక్కుతుంది. సరఫరా పోయి డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) మీదికి మారగానే దాని వోల్టేజి రెగ్యులేటర్ తడబడుతుంది. వీటి వెనుక తరచూ ఉండేవి హార్మోనిక్స్, అంటే సరఫరా పౌనఃపున్యానికి గుణిజాలైన పౌనఃపున్యాల్లో ప్రవహించే కరెంట్లు. ఈ లక్షణాలను చూడగానే హార్మోనిక్ ఫిల్టర్‌కు కొటేషన్లు పిలవడం చాలా చోట్ల అలవాటైపోయింది. నా అనుభవం చెప్పేది ఏమిటంటే, ఫిల్టర్ చివరి మెట్టు. ముందు కొలవాలి, తర్వాత పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్ బ్యాంకును సరిచేయాలి, ఆ తర్వాత ప్రతి డ్రైవ్‌కూ రియాక్టర్ (కరెంటు మార్పును నెమ్మదించే కాయిల్) ఉందో లేదో చూడాలి. ఈ మూడూ పూర్తయ్యాక ఇంకా మిగిలిన వక్రీకరణకు (తరంగ ఆకారం చెడడానికి) మాత్రమే ఫిల్టర్ ఎంచుకోవాలి. ఈ వరుస తప్పితే డబ్బు వృథా కావడమే కాక, కొత్తగా పెట్టిన ఫిల్టరే పాత లోపానికి బలి కావచ్చు.

వక్రీకరణ ఎలా పుడుతుంది

సాధారణ డ్రైవ్ ముందు భాగంలో ఆరు డయోడ్ల బ్రిడ్జి, దాని వెనుక డీసీ కెపాసిటర్ ఉంటాయి. లైన్ వోల్టేజి శిఖరం దగ్గరికి వచ్చి కెపాసిటర్ వోల్టేజిని దాటిన క్షణాల్లోనే డయోడ్లు కరెంటును తీసుకుంటాయి కనుక, ప్రతి ఫేజులోనూ అర్ధ చక్రానికి రెండు సన్నని కరెంటు మొనలు మాత్రమే కనిపిస్తాయి. ఈ ఆకారంలో 6 గుణిజాలకు ఒకటి తక్కువగానూ ఒకటి ఎక్కువగానూ ఉండే హార్మోనిక్స్, అంటే 5, 7, 11, 13, 17, 19 ఉంటాయి. మన 50 హెర్ట్జ్ సరఫరాలో 5వ హార్మోనిక్ 250 హెర్ట్జ్, 7వది 350 హెర్ట్జ్. మూడు ఫేజులు సమతుల్యంగా ఉన్నంతవరకు ఈ బ్రిడ్జి నుంచి 3వ హార్మోనిక్ రాదు. వచ్చిందంటే వోల్టేజి అసమతుల్యత గానీ, అదే బస్ మీద సింగిల్ ఫేజ్ లోడ్లు గానీ ఉన్నాయని అర్థం చేసుకోవాలి.

డీసీ వైపు చాలా పెద్ద ఇండక్టెన్స్ ఉన్న ఆదర్శ బ్రిడ్జిలో 5వ హార్మోనిక్ మూల కరెంటులో (50 హెర్ట్జ్ భాగంలో) 20 శాతం, 7వది 14.3 శాతం, 11వది 9.1 శాతం ఉండి, మొత్తం వక్రీకరణ 31 శాతం దగ్గర ఆగుతుంది. రియాక్టర్ గానీ చోక్ (డీసీ వైపు పెట్టే కాయిల్) గానీ లేని డ్రైవ్‌ను గట్టి సరఫరాకు, అంటే ఇంపెడెన్స్ తక్కువ ఉన్నదానికి, నేరుగా కలిపితే ఇదే సంఖ్య 80 శాతాన్ని కూడా తాకుతుంది. అప్పుడు కోణాన్ని బట్టి లెక్కించే పవర్ ఫ్యాక్టర్ 0.98 ఉన్నా, వక్రీకరణను కూడా కలిపిన నిజమైన పవర్ ఫ్యాక్టర్ 0.77కు మించదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసుల బిల్లు కేవీఏహెచ్ (పవర్ ఫ్యాక్టర్ తగ్గితే పెరిగే కొలత) లెక్కన వస్తుంది కనుక ఈ తేడా బిల్లులో కనిపిస్తుంది. అది చూసి మరికొన్ని కెపాసిటర్లు కలపడం సహజంగా తోచే పరిష్కారమే అయినా, వక్రీకరణ వల్ల తగ్గిన పవర్ ఫ్యాక్టర్‌ను మామూలు కెపాసిటర్ సరిచేయలేదు. పైగా అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

కరెంటు వక్రీకరణ వోల్టేజి వక్రీకరణగా ఎలా మారుతుందో ఒక లెక్కతో చూద్దాం. 1000 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ 5 శాతం అనుకుందాం. దాని పూర్తి లోడు కరెంటు 1333 ఆంపియర్లు. ప్లాంట్ 800 ఆంపియర్లు తీసుకుంటూ, అందులో 30 శాతం, అంటే 240 ఆంపియర్లు 5వ హార్మోనిక్ అయితే, బస్ మీద 5వ హార్మోనిక్ వోల్టేజి సుమారు 4.5 శాతం అవుతుంది. హార్మోనిక్ సంఖ్యను ఇంపెడెన్స్ శాతంతోనూ, హార్మోనిక్ కరెంటుకు పూర్తి లోడు కరెంటుకు ఉన్న నిష్పత్తితోనూ గుణిస్తే ఈ విలువ వస్తుంది. అదే లోడు అంతే సామర్థ్యం ఉన్న డీజీ సెట్ మీదికి వెళ్లి, దాని అంతర్గత రియాక్టెన్స్ 15 శాతం ఉంటే, ఈ లెక్క ప్రకారం వోల్టేజి వక్రీకరణ మూడింతలు అవుతుంది. ఇంపెడెన్స్ పెరగడం వల్ల కరెంటు కొంత తగ్గుతుంది గానీ, సరఫరా మీద బాగున్న ప్లాంట్ డీజీ మీద ఎందుకు తడబడుతుందో ఇది చాలావరకు వివరిస్తుంది.

కొలత

క్లాంప్ మీటరు చూపే ఒక్క సంఖ్యతో ఈ పని సాగదు. 50వ హార్మోనిక్ వరకు ప్రతిదాని పరిమాణాన్నీ కోణాన్నీ నమోదు చేసే పవర్ క్వాలిటీ అనలైజర్ కావాలి. ఐఈసీ 61000-4-30 ప్రకారం క్లాస్ ఏ పరికరమైతే నివేదికను ఎవరూ ప్రశ్నించరు. దానిని కనీసం ఏడు రోజులు ఉంచాలి, ఎందుకంటే హార్మోనిక్స్‌కు హద్దులు పెట్టే ప్రమాణమైన ఐఈఈఈ 519లోని కరెంటు పరిమితులు 10 నిమిషాల సగటు విలువల్లో వారానికి 95 శాతం పరిమితిలోపు ఉండాలని చెబుతాయి. ఒక మధ్యాహ్నం తీసిన అరగంట రికార్డు దానికి సరిపోదు. ప్యానెల్ మీటరు సీటీల (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) సెకండరీ తీగను కొలతకు వాడుకునేటప్పుడు దానిని ఏ పరిస్థితిలోనూ తెరిచి ఉంచకూడదు. లోడు ఉన్నప్పుడు తెరుచుకున్న సీటీ సెకండరీలో ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది.

ఏ విలువను ఏ పరిమితితో పోల్చాలి అన్న దగ్గర చాలామంది పొరపడతారు. డ్రైవ్ దగ్గర కనిపించే టీహెచ్‌డీ (మొత్తం హార్మోనిక్ వక్రీకరణ) ఆ క్షణపు మూల కరెంటులో శాతం. ఐఈఈఈ 519 కరెంటుకు విధించే పరిమితి టీడీడీ, అంటే ప్లాంట్ గరిష్ఠ డిమాండ్ కరెంటులో శాతం. రాత్రి పూట ఒక్క డ్రైవ్ తక్కువ లోడుతో నడిచినప్పుడు టీహెచ్‌డీ 60 శాతం చూపినా, ఆంపియర్లలో అది చాలా చిన్నది కావచ్చు. పరిమితి వర్తించే చోటు కూడా డ్రైవ్ టెర్మినల్ కాదు, వినియోగదారుడూ డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) వ్యవస్థా కలిసే బిందువు. పై ఉదాహరణలో ఎల్‌టీ (లో టెన్షన్) బస్ దగ్గర షార్ట్ సర్క్యూట్ కరెంటు సుమారు 26.7 కిలో ఆంపియర్లు. దానిని 800తో భాగిస్తే 33 వస్తుంది, 20 నుంచి 50 మధ్య నిష్పత్తికి టీడీడీ పరిమితి 8 శాతం. కానీ హెచ్‌టీ సర్వీసుకు కలిసే బిందువు 11 కేవీ వైపు ఉంటుంది. అక్కడ ఆ 800 ఆంపియర్లు 31.5 ఆంపియర్లుగా కనిపిస్తాయి. సబ్‌స్టేషన్ ఫాల్ట్ లెవెల్ (షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం) 150 ఎంవీఏ అనుకుంటే నిష్పత్తి 250 అవుతుంది, పరిమితి 15 శాతానికి సడలుతుంది. అందువల్ల ఫాల్ట్ లెవెల్ ఎంతో డిస్కమ్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మొదటి పనుల్లో ఒకటి. హెచ్‌టీ వైపు పరిమితి సడలింది కదా అని ఎల్‌టీ బస్‌ను వదిలేయడం మాత్రం తగదు. అక్కడి వోల్టేజి వక్రీకరణను భరించేవి మన సొంత మోటార్లూ పీఎల్‌సీలే (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లే). అదే ఐఈఈఈ ప్రమాణం 1 కేవీ లోపు బస్‌కు మొత్తం వోల్టేజి వక్రీకరణను 8 శాతానికీ, ఒక్కో హార్మోనిక్‌ను 5 శాతానికీ పరిమితం చేస్తుంది. 1 నుంచి 69 కేవీ వరకు ఈ విలువలు 5, 3 శాతాలు.

వారం రికార్డుతో పాటు రెండు చిన్న పరీక్షలు తప్పక చేయించాలి. మొదటిది, డ్రైవ్‌లన్నీ ఆపి బస్ వోల్టేజిని చూడడం. అప్పుడు కూడా 5వ హార్మోనిక్ వోల్టేజి ఉంటే అది బయటి నుంచి వస్తోంది. రెండవది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది: డ్రైవ్‌లు ఒకే లోడుతో నడుస్తుండగా కెపాసిటర్ బ్యాంకును ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో 5, 7, 11, 13 హార్మోనిక్ కరెంట్లను ఆంపియర్లలో రాసుకోవడం. కెపాసిటర్లు పెట్టినప్పుడు వీటిలో ఏ ఒక్కటి పెరిగినా, ఆ ప్లాంట్‌లో అనునాదం (రెజొనెన్స్, ఒక పౌనఃపున్యం దగ్గర కరెంటు విపరీతంగా పెరగడం) ఉన్నట్టే.

కెపాసిటర్ బ్యాంకు

ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్స్, కెపాసిటర్ బ్యాంకు కలిసి ఒక సమాంతర అనునాద వలయం అవుతాయి. షార్ట్ సర్క్యూట్ కేవీఏను కెపాసిటర్ కేవీఏఆర్‌తో భాగించి వర్గమూలం తీస్తే, ఏ హార్మోనిక్ దగ్గర అనునాదం వస్తుందో తెలుస్తుంది. మన 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ కేవీఏ, 1000ను 5 శాతంతో భాగిస్తే, 20,000. దాని మీద 400 కేవీఏఆర్ బ్యాంకు పూర్తిగా ఆన్‌లో ఉంటే 50 వర్గమూలం, అంటే 7.07 వస్తుంది, అది సరిగ్గా 7వ హార్మోనిక్ మీద కూర్చుంటుంది. ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను తనంతట తానే సరిచేసే) ప్యానెల్ మెట్లను తగ్గించుకుంటూ 165 కేవీఏఆర్‌కు వస్తే 11వ హార్మోనిక్, 120కి వస్తే 13వది తగులుతుంది. పైనున్న గ్రిడ్ ఇంపెడెన్స్‌ను కూడా కలిపితే ఈ విలువలు కొద్దిగా తగ్గుతాయి, కానీ స్థితి మారదు: మెట్లు మారే ప్రతి బ్యాంకూ రోజులో ఏదో ఒక సమయంలో ఒక హార్మోనిక్‌ను తాకుతూనే ఉంటుంది.

నేను గతంలో పనిచేసిన ఒక స్పిన్నింగ్ మిల్లులో మూడు నెలలకొకసారి కెపాసిటర్లు మార్చేవారు; నాసిరకం సరుకు అని సరఫరాదారుని తప్పుపట్టేవారు. పైన చెప్పిన పరీక్షలో బ్యాంకు పెట్టగానే 7వ హార్మోనిక్ కరెంటు రెండింతలు దాటింది. కెపాసిటర్లలో లోపం లేదు, వాటిని ఉంచిన చోటే తప్పు. ఆ మాట ముందే తెలిసి ఉంటే ఎంత సరుకు, ఎన్ని రాత్రుల పని మిగిలేవో అని ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ప్రతి కెపాసిటర్ మెట్టుకూ శ్రేణిలో 7 శాతం (కెపాసిటర్ రియాక్టెన్స్‌లో 7 శాతం ఉన్న) డీట్యూన్డ్ రియాక్టర్ పెట్టడం దీనికి పరిష్కారం. అప్పుడు ఆ జత 189 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ అవుతుంది. 250 హెర్ట్జ్, అంతకు పైన అది ఇండక్టర్‌లా ప్రవర్తిస్తుంది కనుక 5, 7, 11 హార్మోనిక్స్‌తో అనునాదం రాదు. బస్ మీద సింగిల్ ఫేజ్ లోడ్ల వల్ల 3వ హార్మోనిక్ గట్టిగా ఉంటే 14 శాతం రియాక్టర్ వాడి, ట్యూనింగ్‌ను 134 హెర్ట్జ్‌కు దించాలి. ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. రియాక్టర్ కలిపాక కెపాసిటర్ మీద వోల్టేజి పెరుగుతుంది. 415 వోల్టుల బస్ మీద 7 శాతంతో అది 446 వోల్టులకు చేరుతుంది, దాని మీద హార్మోనిక్ వోల్టేజి అదనం, కాబట్టి పాత 440 వోల్టుల కెపాసిటర్లకు రియాక్టర్ తగిలించి సరిపెట్టకూడదు, 525 వోల్టుల రేటింగ్ వాడాలి. అలా రేటింగ్ మారినప్పుడు 525 వోల్టుల వద్ద 50 కేవీఏఆర్ అని రాసి ఉన్న కెపాసిటర్, 415 వోల్టుల బస్ మీద 7 శాతం రియాక్టర్‌తో సుమారు 33.6 కేవీఏఆర్ మాత్రమే ఇస్తుందని కొనేముందే లెక్కలోకి తీసుకోవాలి. ఇక ఒకే బస్ మీద రియాక్టర్ ఉన్న మెట్లనూ లేని మెట్లనూ కలపకూడదు. కలిపితే వాటి మధ్యే కొత్త అనునాదం పుట్టవచ్చు.

రియాక్టర్లు

ఒక్కో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చేది లైన్ రియాక్టరే అని నా నిశ్చితాభిప్రాయం. దానిని లెక్కించడం సులభం. 55 కిలోవాట్ల డ్రైవ్ సుమారు 100 ఆంపియర్లు తీసుకుంటుంది. 415 వోల్టులను వర్గమూలం 3తోనూ 100తోనూ భాగిస్తే బేస్ ఇంపెడెన్స్ 2.4 ఓమ్‌లు. అందులో 3 శాతం 0.072 ఓమ్‌లు, 50 హెర్ట్జ్ దగ్గర అది 0.23 మిల్లీహెన్రీ; 5 శాతం కావాలంటే 0.38 మిల్లీహెన్రీ. ఏ రియాక్టరూ లేని డ్రైవ్‌కు 3 శాతం కలిపితే కరెంటు వక్రీకరణ సాధారణంగా 40 శాతం చుట్టుపక్కలకు, 5 శాతం కలిపితే 35 దగ్గరికి దిగుతుంది. అంతకు మించి పెంచితే లాభం తక్కువ, డీసీ బస్ వోల్టేజి పడిపోవడం ఎక్కువ. డీసీ లింక్‌లో చోక్ ఉన్న డ్రైవ్‌లో దాదాపు ఇదే ఫలితం ముందే లభిస్తుంది, కనుక డ్రైవ్ మాన్యువల్ చూసి చోక్ ఉందో లేదో నిర్ధారించుకున్నాకే లైన్ రియాక్టర్‌ను నిర్ణయించాలి.

డ్రైవ్‌లన్నిటికీ కలిపి ఒకే పెద్ద రియాక్టర్ పెడదామని కొందరు అడుగుతారు. దానిని నేను సమర్థించను: ఆ రియాక్టర్ వెనుక ఉన్న ఉమ్మడి బస్ వోల్టేజి బాగా వక్రీకరించి, అక్కడున్న డ్రైవ్‌లు ఒకదాన్నొకటి ఇబ్బంది పెడతాయి. ప్రతి డ్రైవ్‌కూ దాని రియాక్టర్ విడిగా ఉండాలి. కొనేటప్పుడు ఒకటిన్నర రెట్ల కరెంటు వరకు ఇండక్టెన్స్ నిలుస్తుందని పరీక్షా పత్రం అడగాలి. కోర్ సంతృప్తమైతే శిఖర కరెంటు దగ్గర, అంటే కావలసిన చోటే, రియాక్టర్ పనిచేయదు.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లున్న ప్లాంట్‌లో, కొత్తగా కొనే రెండవదానిని 30 డిగ్రీల తేడా వచ్చే వెక్టర్ గ్రూప్‌లో (వైండింగ్ కనెక్షన్ రకంలో) తీసుకుని, డ్రైవ్‌లను రెండింటి మీదా సమానంగా పంచితే 5, 7 హార్మోనిక్స్ హెచ్‌టీ వైపు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పన్నెండు పల్సుల రెక్టిఫైయర్‌కు ఆధారమూ ఇదే. రెండు వైపులా లోడు సమానంగా లేకపోయినా, వోల్టేజి అసమతుల్యత ఒకటి రెండు శాతం ఉన్నా ఫలితం తగ్గుతుంది.

ఫిల్టర్

రియాక్టర్లు పెట్టాక మళ్లీ కొలిచి, ఇంకా పరిమితి దాటితే అప్పుడు ఫిల్టర్ లెక్క వేయాలి. 5వ హార్మోనిక్‌కు ట్యూన్ చేసిన ఎల్‌సీ ఫిల్టర్ చవకైనదే. దానిని సరిగ్గా 250 హెర్ట్జ్‌కు కాక 235 హెర్ట్జ్ దగ్గర ట్యూన్ చేయాలి, ఎందుకంటే కెపాసిటర్ పాతబడి విలువ తగ్గేకొద్దీ ట్యూనింగ్ పౌనఃపున్యం పైకి జరుగుతుంది. అది తక్కువ లోడు దగ్గర లీడింగ్ కేవీఏఆర్ ఇస్తూ డీజీ సెట్‌ను ఇబ్బంది పెడుతుంది కనుక, డ్రైవ్‌తో పాటే కెపాసిటర్‌ను తీసే కాంటాక్టర్ తప్పనిసరి.

లోడు మారుతూ ఉండే ప్లాంట్‌కు షంట్ యాక్టివ్ ఫిల్టర్ తగినది. ఐజీబీటీలతో (వేగంగా స్విచ్ అయ్యే ట్రాన్సిస్టర్లతో) లోడు హార్మోనిక్ కరెంటుకు వ్యతిరేకమైన కరెంటును ఎప్పటికప్పుడు బస్‌లోకి పంపడం దాని పని. దాని పరిమాణం హార్మోనిక్ ఆంపియర్లను బట్టి నిర్ణయం అవుతుంది: 400 ఆంపియర్ల ఫీడర్‌లో వక్రీకరణ 38 శాతమైతే తొలగించవలసినది గరిష్ఠంగా 152 ఆంపియర్లు. అదే ఫీడర్‌లో డ్రైవ్‌లకు రియాక్టర్లు లేక వక్రీకరణ 75 శాతం ఉంటే 300 ఆంపియర్ల ఫిల్టర్ కొనాలి. పైగా నిటారుగా లేచే కరెంటు మొనలను ఫిల్టర్ సకాలంలో అనుసరించలేదు. ముందు రియాక్టర్లు అని చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. సీటీలు ఫేజు తారుమారైనా, దిశ మారినా ఫిల్టర్ వక్రీకరణను తగ్గించే బదులు పెంచుతుంది. లోడు వైపు సీటీలతో పనిచేసే ఫిల్టర్‌కు కెపాసిటర్ బ్యాంకు కరెంటు ఆ సీటీల్లోకి రాకుండా చూడాలి.

యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ రూపొందించేవారికి

డయోడ్ల బదులు ఐజీబీటీ రెక్టిఫైయర్ వాడితే కరెంటు వక్రీకరణ 5 శాతం లోపుకు వస్తుంది, బ్రేకింగ్ శక్తి కూడా లైన్‌కు తిరిగి వెళ్తుంది. 415 వోల్టుల శిఖరం 587 వోల్టులు కనుక డీసీ బస్‌ను 650 నుంచి 700 మధ్య ఉంచాలి. తక్కువైతే మాడ్యులేషన్ హద్దు దాటి 5, 7 హార్మోనిక్స్ తిరిగి వస్తాయి. లైన్ వైపు పెట్టే ఎల్‌సీఎల్ (కాయిల్, కెపాసిటర్, కాయిల్) ఫిల్టర్‌లో ఫేజుకు స్టార్‌గా చూసిన కెపాసిటర్ బేస్ కెపాసిటెన్స్‌లో 5 శాతం మించకూడదు. 30 కిలోవాట్లకు అది సుమారు 27.7 మైక్రోఫారడ్లు. కన్వర్టర్ వైపు 1.5, గ్రిడ్ వైపు 0.5 మిల్లీహెన్రీ, మధ్యలో 25 మైక్రోఫారడ్లు తీసుకుంటే అనునాదం 1644 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. లైన్ పౌనఃపున్యానికి పది రెట్లు, స్విచింగ్‌లో సగం, ఈ రెండింటి మధ్య అది ఉండాలన్న నియమానికి 10 కిలోహెర్ట్జ్ స్విచింగ్‌తో ఇది సరిపోతుంది. అక్కడ కెపాసిటర్ ఇంపెడెన్స్ 3.87 ఓమ్‌లు కనుక దానిలో మూడో వంతు, 1.3 ఓమ్‌ల డ్యాంపింగ్ రెసిస్టర్‌తో మొదలుపెట్టవచ్చు.

నియంత్రణలో ఒక సౌకర్యం ఉంది. 5వ హార్మోనిక్ వ్యతిరేక క్రమంలో, 7వది అనుకూల క్రమంలో తిరుగుతాయి కనుక, లైన్‌తో తిరిగే డీక్యూ (రెండు అక్షాల) లెక్కింపు చట్రంలో రెండూ 300 హెర్ట్జ్ దగ్గరే కనిపిస్తాయి. పీఐ కంట్రోలర్‌కు సమాంతరంగా 300 హెర్ట్జ్ రెజొనెంట్ పదాన్ని కలిపితే రెండింటినీ ఒకేసారి అణచవచ్చు. డెడ్ టైమ్ (ఒక స్విచ్ ఆగి మరొకటి మొదలయ్యే మధ్య ఇచ్చే విరామం) వల్ల పుట్టే 5, 7 కూడా దీనితో తగ్గుతాయి, అయినా డెడ్ టైమ్ కాంపెన్సేషన్‌ను విడిగా పెట్టడమే మేలు. వోల్టేజి అసమతుల్యత ఉన్నప్పుడు డీసీ బస్ మీద 100 హెర్ట్జ్ అల వచ్చి, అది వోల్టేజి లూప్ ద్వారా కరెంటు రిఫరెన్స్‌లోకి చేరి లైన్‌లో 3వ హార్మోనిక్‌గా బయటపడుతుంది. ఆ లూప్‌లో 100 హెర్ట్జ్ నాచ్ (ఆ పౌనఃపున్యాన్ని ఆపే ఫిల్టర్) పెట్టి, అనుకూల, వ్యతిరేక క్రమాలను వేరు చేసే పీఎల్‌ఎల్ (లైన్ కోణాన్ని అనుసరించే లూప్) వాడితే ఇది అదుపులోకి వస్తుంది.

పని పూర్తయ్యాక

మొదట కొలిచిన చోటే, అదే అనలైజర్‌తో, అదే రకమైన వారంలో మళ్లీ రికార్డు తీసుకోవాలి. కెపాసిటర్ పెట్టి తీసే పరీక్షను ఈసారి డీజీ మీద కూడా చేయాలి. తర్వాత కొత్త డ్రైవ్ వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ మారినా అనునాదపు లెక్క మారుతుంది కనుక, షార్ట్ సర్క్యూట్ కేవీఏ (మన ఉదాహరణలో 20,000), మెట్ల కేవీఏఆర్, వాటి నిష్పత్తుల వర్గమూలాలు ఉన్న ఒక కాగితాన్ని ఏపీఎఫ్‌సీ ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించి ఉంచాలి.